మార్తమ్మ కూర

ప్రకాశరావు పెళ్ళిళ్ళకి వండుతాడు. బందరు చుట్టుపక్కల క్రైస్తవుల ఇళ్ళలో విందంటే ముందు ఆయన పేరే తలుస్తారు. తలిచేది బిర్యానీ కోసం కాదు, మార్తమ్మ కూర కోసం. మేకమాంసం, అరచేతిలో సగం ఉండే బంగాళాదుంప ముక్కలు, దాల్చినచెక్క, మిరియాలు, దండిగా కారం, దించబోయే ముందు పోసే వెనిగర్. ఆ పులుపు చింతపండుది కాదు, నిమ్మకాయది కాదు. మొదటిసారి తినేవాళ్ళు రెండో ముద్ద దగ్గర ఆగి పళ్ళెంలోకి చూస్తారు. తర్వాత మళ్ళీ వడ్డించమంటారు. ఈ పదేళ్ళలో మిగతా వంటవాళ్ళూ దాన్ని పట్టుకున్నారు. కోనేరు సెంటర్ వైపు ఒక హోటల్ వాళ్ళు బోర్డు మీద కూడా రాయించారు, 'మా పాతకాలపు మార్తమ్మ కూర' అని.

మార్తమ్మ ఆయన తల్లి. డెబ్బై ఏడు ఉప్పెనలో పోయింది. శవం దొరకలేదని చెప్పారు. అప్పటికి ఆయనకి తొమ్మిదేళ్ళు. అన్నా చెల్లీ ఎవరూ లేరు, తండ్రి అంతకు రెండేళ్ళ ముందే పోయాడు. ఎవరో తీసుకొచ్చి బందరులో మిషను హాస్టల్లో చేర్చారు. చదువు అబ్బలేదు కానీ హాస్టల్ వంటింట్లో చెయ్యి తిరిగింది. పంతొమ్మిదో ఏట, ఎవరూ నేర్పకుండానే, నాలుక మీద మిగిలిపోయిన ఒక రుచిని వెతుక్కుంటూ ఆ కూర వండాడు. నెల రోజులు తప్పాడు. చివరికి దాల్చినచెక్క, వెనిగర్ కలిసిన రోజు ఆ వాసనకే చేతిలో గరిటె ఆగిపోయింది. అమ్మ వండినది ఇదే.

ఆ రోజే ఆమె వచ్చింది.

వెనిగర్ పోయగానే గుండిగలోంచి ఆవిరి ఒక్కసారిగా లేస్తుంది. అది లేచినప్పుడు ఆయన ఎడమ భుజం వెనక ఎవరో వచ్చి నిలబడతారు. తడిసిన చీర. దాని అంచు నుంచి నేల మీద చుక్కలు పడుతున్న చప్పుడు. ఉప్పుబురద వాసన. ఆవిరి తగ్గేదాకా ఉండి వెళ్ళిపోతుంది. ఆయన ఎప్పుడూ వెనక్కి తిరగలేదు. 'అమ్మా' అని మాత్రం మనసులో అనుకునేవాడు, మూత పెట్టేసేవాడు. ఆ కూర ఎన్నడూ నోట పెట్టలేదు. ఉప్పూ కారం వాసనను బట్టే చూసుకునేవాడు.

ఈ సంగతి తెలిసినది ఒక్క భార్య కృపాకుమారికే. పెళ్ళయిన ఏడాది చెప్పాడు. ఆమె "ప్రార్థన చేసుకుందామండీ" అంది. ఆ తర్వాత ఎప్పుడూ అడగలేదు. కానీ ఏ పెళ్ళిలోనైనా వెనిగర్ సీసా మూత తీసే సమయానికి వంట పందిరి గుమ్మంలో వచ్చి నిలబడుతుంది. పది నిమిషాలు ఎవర్నీ లోపలికి రానివ్వదు.

ఆ గుమ్మంలోనే ఒకరోజు మధ్యాహ్నం రాధాకుమారి ఆగాల్సి వచ్చింది. ఆమె గుడివాడలో ఒక కాలేజీలో చరిత్ర చెబుతుంది. పుట్టిల్లు పెడన. స్నేహితురాలి కూతురి పెళ్ళికని వచ్చి, ఆ కూర తిని, చెయ్యి కడుక్కుని నేరుగా పందిరి దగ్గరికి వచ్చింది. రెండో గుండిగ పొయ్యి మీద ఉంది. కృపాకుమారి చెయ్యి అడ్డం పెట్టింది. రాధాకుమారి ఓపిగ్గా నిలబడింది.

"మాస్టారూ, ఇందులో వెనిగర్ పోశారు కదండీ?" అని అడిగింది ప్రకాశరావు బయటికి రాగానే.

"పోశానండీ."

"ఎవరు నేర్పారు?"

"మా అమ్మ వంటండీ ఇది. మాది దివిసీమ, కోడూరు అవతల."

"ఆవిడ ఎవరైనా దొరల బంగళాలో పనిచేశారా?"

"లేదండీ. నాట్లకీ కోతలకీ వెళ్ళేది."

రాధాకుమారి అక్కడే బోర్లించిన ఒక గంగాళం మీద కూర్చుంది. కాలేజీవాళ్ళు ఆమెను ఒక పుస్తకం రాయమన్నారట, కృష్ణా జిల్లా వంటల మీద. పరాయి వాసన తగలని మన అసలు వంట గురించి రాయమన్నారట. రాయడానికి కూర్చుంటే ఒక్కటీ నిలబడటం లేదంది.

"మిరపకాయ ఓడ దిగిందేనండీ. టమాటా అంతే. ఈ దుంప అంతే. మా తాతగారు అద్దకం అచ్చులు చెక్కేవారు. ఒక అచ్చులో ఒక పువ్వుండేది. అది ఏ చెట్టుదో అని చిన్నప్పుడు పెడనంతా వెతికాను. మన దగ్గర పూసేది కాదు. ఎప్పుడో ఓడల్లో వచ్చినవాళ్ళెవరో గీసిచ్చి, ఇలా వెయ్యండి అన్నారు. మావాళ్ళు వేశారు. ఇప్పుడు దాన్ని పెడన పువ్వంటారు."

"మిరపకాయ రాకముందు ఏం తిన్నారండీ మనవాళ్ళు?"

"మిరియాలు."

ఆయనకు నవ్వు రాలేదు. ఆమె చెప్పుకుపోతోంది. బందరులో డచ్చివాళ్ళున్నారు, వాళ్ళ సమాధులు ఇప్పటికీ ఉన్నాయి, దాల్చినచెక్క వేసి పులుపుతో మాంసం వండటం వాళ్ళ వంటింటి పద్ధతే అయ్యుండొచ్చు, అక్కడి నుంచి ఏ వంటమనిషి చేతి మీదుగానో పల్లెకి చేరి ఉండొచ్చు. మూడొందల ఏళ్ళు దాటి ఉండొచ్చు. ఆమె కళ్ళు మెరుస్తున్నాయి.

"మీ అమ్మగారికి ఎవరు నేర్పారో తెలిస్తే చాలండీ" అంది లేస్తూ.

ఆ ప్రశ్న ఆయన వెంట ఇంటికి వచ్చింది. అన్నం ముందు కూర్చుంటే పళ్ళెంలో ఏది చూసినా ఎవరో చనిపోయినవాళ్ళు తెచ్చి పెట్టినట్టే ఉంది. అమ్మ ముఖం గుర్తు తెచ్చుకోబోయాడు. రాలేదు. అమ్మ పొయ్యి ముందు కూర్చున్నట్టు గుర్తు తెచ్చుకోబోయాడు. అదీ రాలేదు. ఆ రుచి ఒక్కటే ఉంది, దాని చుట్టూ ఇల్లు లేదు, గోడ లేదు, గిన్నె లేదు. ఇన్నేళ్ళూ ఆ సంగతి తోచనేలేదు.

నెల తర్వాత రాధాకుమారి ఫోన్ చేసింది. ఆమె దగ్గర చదివే ఒక అమ్మాయిది కోడూరట. మార్తమ్మను ఎరిగిన మనిషి ఒకావిడ అక్కడ కాలనీలో ఉందట, పేరు రాజమ్మ.

ఉప్పెన తర్వాత ప్రకాశరావు దివిసీమలో కాలు పెట్టలేదు. అవనిగడ్డ నుంచి పెళ్ళి వంటకి పిలవడానికి ఎవరైనా వస్తే, ఆ తేదీ ఖాళీ లేదని చెప్పి పంపేసేవాడు. ఈసారి కృపాకుమారే ఇస్త్రీ చొక్కా తీసి మంచం మీద పెట్టింది. "నేనూ వస్తాను, వెళ్దాం పదండి" అంది.

రాధాకుమారి తెచ్చిన కారులో ముగ్గురూ చల్లపల్లి, మోపిదేవి దాటి, అవనిగడ్డ మీదుగా కోడూరు చేరేసరికి పదకొండయింది. కాలనీ ఇళ్ళు ఉప్పెన తర్వాత కట్టినవే. శ్లాబులు పెచ్చులూడి, ఇనుప చువ్వలు బయటపడి ఉన్నాయి. రాజమ్మ వసారాలో కూర్చుని ఎండు చేపలు ఏరుతోంది. ఎనభైకి దగ్గర పడ్డ మనిషి. ఆయన్ని చూసి కళ్ళు చిట్లించింది. ఆయన పేరు చెప్పగానే చేతిలో చేప జారిపోయింది.

"మార్త కొడుకువా" అంది. చేపల చేతులని కూడా చూసుకోకుండా ఆయన ముఖం పట్టుకుంది. "బతికే ఉన్నావా నాయనా."

రాధాకుమారి కాసేపు ఆగి, మెల్లగా కూర సంగతి ఎత్తింది. మాంసం, దుంపలు, దాల్చినచెక్క, వెనిగర్ అంటూ చెప్పుకొచ్చింది. రాజమ్మ మొదట అర్థం కానట్టు చూసింది.

"మార్త మాంసం వండటమేంటమ్మా? పండగనాడు కూడా మాకు కోడిగుడ్డే గొప్ప. బంగాళాదుంప మార్త కంటితో చూసిందో లేదో."

"లేదు పిన్నీ, మా అమ్మే వండింది. నేను తిన్నాను" అన్నాడు ప్రకాశరావు.

"ఎక్కడ తిన్నావు?"

ఆయన కళ్ళు లోపలి పొయ్యి వైపు వెళ్ళాయి.

రాజమ్మ చేపల చేట పక్కకి జరిపింది. చీర చెంగుతో చేతులు తుడుచుకుంది. ఒక్కో వేలూ విడివిడిగా, చాలాసేపు తుడుచుకుంది.

"నువ్వు తుమ్మచెట్టు మీద దొరికావు. ఒళ్ళంతా ముళ్ళు. అవనిగడ్డలో బళ్ళో పడుకోబెట్టారు. నాలుగు రోజులు నోరు తెరవలేదు. గంజి పోస్తే కక్కేవాడివి. డాక్టరు ఆశ వదులుకోమన్నాడు. బడి పక్కన డేరాల్లో పైదేశం వాళ్ళు వంటలు పెట్టారు. అక్కడొక పొడుగావిడ. పేరు చెప్పింది గానీ మాకు నోరు తిరగలేదు, పొడుగమ్మ అనేవాళ్ళం. ఏ దేశమో నాకు తెలీదు. నేను ఆవిడ దగ్గర దుంపలు తరిగేదాన్ని. డబ్బాల్లో మాంసం, ఈ దుంపలు, సీసాలో పుల్లటి నీళ్ళు, ఒక చెక్క పొడి. ఆవిడ అది కలుపుతున్నంతసేపూ కళ్ళమ్మట నీళ్ళు కారేవి. వాళ్ళ అమ్మ వంటేమో మరి. కానీ అందులో కారం లేదు. జనం ఒక ముద్ద తిని ఆకు పక్కన పెట్టేస్తున్నారు. ఆవిడ అటు తిరిగినప్పుడు నేను రెండు గుప్పెళ్ళు కారం వేశాను. ఆవిడ చూసేసింది."

"తిట్టిందా?" అంది కృపాకుమారి.

"లేదమ్మా. గరిటెతో నోట్లో వేసుకుని దగ్గింది. దగ్గి దగ్గి ముఖం ఎర్రగా అయిపోయింది. ఇంకో గుప్పెడు వెయ్యమని చెయ్యి చూపించింది. ఆ రోజు గుండిగ ఖాళీ అయింది."

రాజమ్మ ప్రకాశరావు వైపు తిరిగింది.

"ఆ కూర గిన్నెలో వేసుకుని నీ దగ్గరికొచ్చాను. మీ అమ్మ వండి పంపింది తినరా అన్నాను. నువ్వు నోరు తెరిచావు. తింటూనే అమ్మ ఎక్కడుందని అడిగావు. పక్క డేరాలో వండుతుంది, చేతులు ఖాళీ లేవు, రేపొస్తది అన్నాను. రోజూ అదే అన్నాను. పదకొండు రోజులు. తర్వాత నిన్ను బందరు తీసుకెళ్ళిపోయారు."

వసారా ముందు నుంచి రొయ్యల మేత బస్తాల ట్రాలీ ఒకటి వెళ్ళింది. దుమ్ము పడకుండా రాజమ్మ చేపల మీద చెంగు కప్పింది.

"అప్పటికే అమ్మ పోయిందని నీకు తెలుసా?" అన్నాడు ప్రకాశరావు.

"తెలుసు. మూడోరోజు దొరికింది. చీర గుర్తుపట్టాను. నేనే కట్టుకోమని ఇచ్చిన చీర."

"నాకు దొరకలేదని చెప్పారు."

"నేనే చెప్పొద్దన్నాను. అందర్నీ కలిపి ఒకే గోతిలో పెట్టారురా. పసివాడికి ఏం చెప్పను?"

"ఎక్కడ?"

రాజమ్మ చెయ్యెత్తి దక్షిణం వైపు చూపించింది. చెయ్యి ఒకచోట నిలవలేదు. "ఆ గుర్తు ఇప్పుడు లేదు నాయనా. చెరువులు తవ్వేశారు."

బయల్దేరాక ప్రకాశరావు కారు ముందు పాలకాయతిప్ప వైపు, సముద్రం దగ్గరికి పోనివ్వమన్నాడు. దారికి రెండు వైపులా రొయ్యల చెరువులు, నీళ్ళు చిమ్ముతూ తిరుగుతున్న చక్రాలు. ఏ చెరువు కిందనో అనుకుంటూ ప్రతిదాన్నీ చూశాడు. నది సముద్రంలో కలిసే చోట కారు దిగి నిలబడ్డాడు. నీళ్ళు రెండు రంగుల్లో ఉన్నాయి. కొంత దూరం పోయాక ఏది ఏదో తెలియడం లేదు.

"నేను ఇదంతా రాయనులెండి" అంది రాధాకుమారి వెనక నుంచి.

"రాయండి. డచ్చివాళ్ళ పేరు మాత్రం రాయకండి. ఆ పొడుగావిడ పేరు మనకి తెలీదు. తెలీదనే రాయండి. కారం వేసింది రాజమ్మ అని రాయండి."

ఆ వారమే చిలకలపూడిలో పెళ్ళి. రోల్డ్ గోల్డ్ నగల పని చేసుకునే కుటుంబం. ఏడొందల మంది. కూర మానేద్దామా అని కృపాకుమారి అడిగింది. మాటిచ్చాం కదా అన్నాడు. ఆ ఉదయం గుండిగ ముందు నిలబడ్డాక మాత్రం సీసా మూత తీసి అలాగే పట్టుకున్నాడు. అమ్మకి ఈ కూరతో సంబంధం లేదు. ఆమె దీన్ని వండలేదు, తినలేదు, ఈ వాసన ఎరగదు. ఇక ఆమె దీని కోసం రావలసిన పని లేదు. ముప్ఫై ఏడేళ్ళుగా ఒక అబద్ధాన్ని పొయ్యి మీద పెట్టి పిలిచాడు. ఇవాళ వెనక ఖాళీగా ఉంటుంది. ఆ ఖాళీకి సిద్ధపడి సీసా వంచాడు.

ఆవిరి లేచింది. చుక్కలు పడుతున్న చప్పుడు వినిపించింది.

ఉప్పుబురద వాసన ఎప్పటిలాగే వచ్చింది. మునుపటి కంటే దగ్గరగా ఉన్నట్టనిపించింది. 'అమ్మా' అనుకోవడానికి మనసు రాలేదు.

"ఎవరండీ మీరు?" అన్నాడు పైకే.

గుమ్మంలో ఉన్న కృపాకుమారికి ఆ మాట వినిపించింది. ఆమె లోపలికి తిరిగి చూడలేదు.

చుక్కలు ఆగకుండా పడుతున్నాయి. ఆయన గరిటె ముంచి కాస్త రసం తీసి, ఊదకుండానే నోట్లో పోసుకున్నాడు. నాలుక కాలింది. తర్వాత పులుపు తగిలింది, దాల్చినచెక్క తగిలింది. బడి వరండా కనిపించింది. నోటి ముందు ఒక స్త్రీ వేళ్ళు, గోళ్ళలో దుంపల మట్టి. ఆ వెనక డేరా గుడ్డ గాలికి ఎగురుతోంది. గుడ్డ లేచినప్పుడల్లా లోపల ఎవరో నిలబడి కలుపుతున్నారు, ముఖం కనబడటం లేదు. తొమ్మిదేళ్ళ వాడు ఆ గుడ్డ వైపే చూస్తూ నములుతున్నాడు. ఆ లోపల ఉన్నది అమ్మే అని వాడికి తెలుసు. మరో ముద్ద కోసం నోరు తెరిచాడు.

ప్రకాశరావు పక్కనే ఉన్న బల్ల మీద కూర్చుండిపోయాడు. ఎంతసేపు కూర్చున్నాడో తెలియదు. కృపాకుమారి వచ్చి భుజం మీద చెయ్యి వేసింది.

"ఉప్పు సరిపోయిందా?"

"కారం తక్కువైంది" అన్నాడు.

లేచి, రెండు గుప్పెళ్ళు వేశాడు. ఆ పెళ్ళిలో కూర చాలలేదు. కూర రుచి మారిందని ఒకరిద్దరు అన్నారు, బాగుందని కూడా అన్నారు. భుజం వెనక నిలబడే ఆ తడి చీర మనిషి ఆ తర్వాతి పెళ్ళికీ వచ్చింది, ఇప్పటికీ వస్తుంది. ఎవరో ఆయనకి తెలియలేదు. కృపాకుమారి గుమ్మంలో నిలబడటం మానలేదు.

వేసవి ముగిసేలోగా ఆయన మళ్ళీ కోడూరు వెళ్ళాడు, ఈసారి ఒక్కడే, బస్సులో. రాజమ్మకు ముందే కబురు పెట్టాడు, అమ్మ నిజంగా ఏం వండేదో అది వండిపెట్టమని. రాజమ్మ ఉప్పునేలలో మొలిచే ఆకు ఎండు రొయ్యలతో కలిపి వండింది. ఉప్పు వెయ్యక్కర్లేదు, ఆకులోనే ఉంటుందట. మార్త వారంలో నాలుగు రోజులు ఇదే వండేదని, ఆయన పళ్ళు రాకముందు నుంచీ దీన్ని పిసికి అన్నంలో కలిపి పెట్టేదని చెప్పింది.

ప్రకాశరావు పీట మీద కూర్చుని తిన్నాడు. ఆకు జిగటగా ఉంది. రొయ్యల నీచు వాసన. ఒక ముద్ద, రెండో ముద్ద, మూడోది. రాజమ్మ ఎదురుగా కూర్చుని ఆయన ముఖంలోకే చూస్తోంది.

"గుర్తొచ్చిందా?"

ఆయన నమలడం ఆపాడు. వెతికాడు. ఇల్లు రాలేదు, పొయ్యి రాలేదు, ఎవరి చెయ్యీ రాలేదు. అది ఇంతకు ముందెన్నడూ తినని, ఎవరో పరాయి దేశం వాళ్ళ వంటలా ఉంది.

"లేదు పిన్నీ" అన్నాడు.

రాజమ్మ తల దించుకుంది. "నేనే చెరిపేశాను" అంది. "నీకు అన్నం సయించాలనే చూశాను గానీ, ఇంకేం ఆలోచించలేదు."

"నువ్వు పెట్టకపోతే అప్పుడే పోయేవాణ్ణి."

"అయినా మీ అమ్మది నీ దగ్గర ఏమీ మిగల్లేదు కదరా."

ఆయన పళ్ళెంలో ఉన్నదంతా తిన్నాడు. ఇంకొంచెం పెట్టమన్నాడు, అదీ తిన్నాడు. చెయ్యి కడుక్కుని వచ్చి అడిగాడు.

"ఈ ఆకు ఎక్కడ దొరుకుద్ది?"

"చెరువుగట్ల మీద ఇంకా అక్కడక్కడా ఉంది. ఎందుకు?"

"చూపించు. ఎలా కొయ్యాలో, ఎలా వండాలో చెప్పు. నేర్చుకుంటాను."

రాజమ్మ కర్ర అందుకుని లేచింది. ఆయన ఆమె మోచెయ్యి పట్టుకున్నాడు. ఎండ వాలింది. ఇద్దరూ గట్టు మీద నడిచారు. ఉప్పు పేరిన తెల్లటి నేల మీద, ఎర్రబడిన కొమ్మలతో పొట్టి మొక్కలు పాకి ఉన్నాయి. రాజమ్మ నడుం వంచలేక నిలబడే కర్రతో చూపించింది.

"ఎర్రది కొయ్యకు, చేదు. ఆ చివర పచ్చగా లేతగా ఉంది చూడు, అది గిల్లు. వేరు కదలకూడదు. మార్త ఒక్క మొక్కనీ పీకనిచ్చేది కాదు."

ప్రకాశరావు మోకాళ్ళ మీద కూర్చుని, ఆమె చెప్పిన చోట గిల్లడం మొదలుపెట్టాడు.